మూలనున్న కారు – టాంకులోని పూడిక

సంఘ సభ్యులైన రైతు సోదరులారా,

మన గ్రామములలో ఎడ్లబండి లేని యిండ్లు ఇప్పుడు పెక్కు గలవు. కాని వసారాలోనో, పశువుల కొట్టపు చివరనో, టార్పాలిను కప్పిన కారొకటి గల యిండ్లు మునుపటికంటె హెచ్చినవి. కుమారుడు కొని యిచ్చి తాను దూరదేశమునకు పోయిన కారొకటి. పెద్దవారికి చూపు మందగించినందున నిలిపివేసిన కారొకటి. యజమాని కాలము చేయగా ఎవరును తాకని కారొకటి. 2020 మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌను విధించినపుడు నిలిచిపోయి, ఆ పిమ్మట మరల కదలని కార్లును కొన్ని గలవు. సంక్రాంతికి పిల్లలు వచ్చినపుడు టార్పాలిను తొలగించి, క్రొత్త బ్యాటరీ తెచ్చి, తాళము త్రిప్పుదురు. ఇంజను తిరుగును గాని అంటుకొనదు. అంతట "ఇంజను పోయినది" అను మాట పుట్టును. ఆ మాటను గూర్చియే నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను.

నా అభిప్రాయమును ముందుగానే చెప్పుదును. చక్కగా నడుచుచుండగా నిలిపిన కారు కొన్ని నెలలకో, ఏండ్లకో అంటుకొననపుడు, తప్పు ఇంజనులో నుండుట అరుదు. పెట్రోలులోను, ఆ పెట్రోలు నిలిచిన టాంకులోను ఉండుట తరచు. అయినను మన వారు టాంకును విడిచి తక్కిన వన్నియు విప్పుదురు. అందుచేత ఒక్కసారి చేయవలసిన వ్యయము మూడుసార్లగుచున్నది. ఇది యంత్రశాస్త్రపు లోపము కాదు, పని వరుస తెలియకపోవుట. వరుస తెలిసినచో మన సభ్యులు తమ సొమ్మును తామే కాపాడుకొనగలరు.

నేను చూచిన సంగతి యొకటి చెప్పెదను. మన సంఘములోని సభ్యుడొకరు 2021 వర్షాకాలమున స్వర్గస్థులైరి. వారి కారు కార్బ్యురేటరు గల పాత రకము. అది కొట్టములో రెండేండ్లకు పైగా కదలక నిలిచినది. పంట ఋణపు వాయిదా దగ్గరపడగా వారి భార్య ఆ కారును అమ్మదలచిరి. పట్నమునుండి వచ్చిన మెకానిక్కు కార్బ్యురేటరు విప్పి కడిగెను. కారు రెండు దినములు నడిచి నిలిచిపోయెను. మరల వచ్చి పెట్రోలు పంపును మార్చెను. మూడు దినములు నడిచి నిలిచిపోయెను. మూడవసారి మరల కార్బ్యురేటరే కడిగి, "ఇక ఇంజను విప్పవలెను" అని చెప్పి పోయెను. ఈ మాట ఆ నోట ఈ నోట పడి ఒక దళారి చెవికి సోకెను. అతడు వచ్చి, పాత ఇనుము ధర చెప్పి, "అమ్మా, కాటా వేసి తీసికొనుటయే నేను చేయు ఉపకారము" అనెను. ఆమె దాదాపుగా ఒప్పుకొనిరి. ఆ సాయంకాలమే నేను వేరొక పనిమీద ఆ యింటికి పోవుట తటస్థించినది. "టాంకును ఎవరైన విప్పి చూచిరా?" అని అడిగితిని. ఎవరును చూడలేదనిరి.

ఈ కథ ముగింపును వెనుక చెప్పెదను. ముందు పెట్రోలు ఎట్లు చెడునో తెలిసికొనవలెను.

నిలువయున్న వేరుశనగ నూనె ముక్కిపోవుట మనకు క్రొత్త కాదు. గాలి సోకిన కొలది నూనెలోని కొన్ని పదార్థములు ప్రాణవాయువుతో కలిసి మారిపోవును. వాసన మారును, జిడ్డు చిక్కబడును. పెట్రోలు కూడ అట్లే. అది ఒకే పదార్థము కాదు. పెక్కు ద్రవముల కలయిక. వానిలో మిక్కిలి తేలికైనవి మొదట ఆవిరియై పోవును. చల్లని ఇంజనును అంటించునవి ఆ తేలికైన భాగములే గనుక, అవి పోయిన పెట్రోలు చూచుటకు పెట్రోలుగానే యున్నను అంటుకొనదు. మిగిలిన భాగములు గాలితో కలిసి మెల్లమెల్లగా బంకగా మారును. ఆ బంక సన్నని రంధ్రములలో ఎండి వార్నీషు పూతవలె పట్టుకొనును. మూత బిగువుగా నున్న డబ్బాలో, చల్లని చోట, పెట్రోలు కొంత యెక్కువ కాలము నిలుచును గాని, కారు టాంకులో మూడు నుండి ఆరు నెలలు దాటిన పిమ్మట దానిని నమ్మరాదు. మన వేసవి యెండలలో ఆ గడువు ఇంకను తగ్గును.

దీనికి తోడు మరియొక సంగతి గలదు. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో ఎథనాలు కలిసియున్నది. 2022 జూనులో మన దేశము నూటికి 10 పాళ్ల మిశ్రమమును సాధించెను. 2023 ఫిబ్రవరి నుండి నూటికి 20 పాళ్ల మిశ్రమము కొన్ని బంకులలో అమ్మకమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతటను వ్యాపించెను. ఈ ఎథనాలు మన చెరకునుండి, మొక్కజొన్ననుండి, నూకలనుండి తయారగునదే. రైతునకు దానివలన లాభము గలదు గనుక దానిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని దాని స్వభావమును తెలిసికొనవలెను. ఎథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. కొంత నీటివరకు అది పెట్రోలులోనే కలిసి యుండును. ఆ హద్దు దాటినపుడు నీరును ఎథనాలును కలిసి, పెట్రోలునుండి విడిపోయి, టాంకు అడుగునకు దిగును. 10 పాళ్ల మిశ్రమములో లీటరునకు సుమారు 5 మిల్లీలీటర్ల నీరు చేరిననే ఈ విడిపోవుట జరుగగలదు. పంపు పీల్చునది టాంకు అడుగునుండియే గదా! అనగా ఇంజనునకు చేరునది పెట్రోలు కాదు, ఆ అడుగునీరు. ఇనుప టాంకులలో ఆ నీరే త్రుప్పును పుట్టించును. పూర్వపు కార్లలోని రబ్బరు గొట్టములును, వాషర్లును ఎథనాలును ఉద్దేశించి చేసినవి కావు గనుక ఉబ్బుటయో, పెళుసై చిట్లుటయో సంభవించును.

ఇక ఈ పెట్రోలు నడచు త్రోవను చూడుడు. రైతునకు దీనిని బోధించుటకు వేరే పటము అక్కరలేదు. టాంకు చెరువు, దాని అడుగున పీల్చుగొట్టమునకున్న జల్లెడ తూము, గొట్టము కాలువ, ఫిల్టరు చెత్త నిలుపు కటకటాలు, పంపు నీరెత్తు యంత్రము, కార్బ్యురేటరులోని ఫ్లోటు గిన్నె పొలము గట్టున ఉన్న చిన్న గుంట, జెట్టులను సన్నని రంధ్రములు పంట బోదెలు. క్రొత్త కార్లలో కార్బ్యురేటరు లేదు. పంపు విద్యుత్తుచే నడచుచు టాంకులోపలనే యుండును. చివర ఇంజెక్టర్లు పెట్రోలును సన్నని తుంపరగా చల్లును. రకమేదైనను నీరు పోవు వరుస ఒక్కటే.

చివరి మడికి నీరు రానపుడు తెలివిగల రైతు ఏమి చేయును? మడిని త్రవ్వునా? గట్టు వెంబడి పైకి నడిచి తూము దగ్గరకు పోవును. చెరువు పూడిపోయియుండగా బోదెను ఎన్నిసార్లు బాగుచేసినను, మరునాడు వచ్చు నీటితో ఆ బురదయే మరల వచ్చి బోదెను నింపును. ఆ విధవరాలి కారులో జరిగినదియు నిదియే. కార్బ్యురేటరు కడిగినంతసేపు శుభ్రముగా నుండెను. టాంకులోని త్రుప్పు మరల రెండు దినములలో దానిని పూడ్చెను. పంపు చెడలేదు, క్రొత్త పంపును అదే మడ్డిని మ్రింగి నిలిచెను. మెకానిక్కు మోసగాడని నేననను. అతడు పైకి కనబడినదానిని బాగుచేసెను. టాంకు దించుట శ్రమతో కూడిన పని గనుక దానిని తప్పించుకొనెను. ఆ తప్పించుకొన్న శ్రమకు మూల్యము యజమానురాలు చెల్లించెను.

కొందరు "పాతదానిపై అయిదు లీటర్ల క్రొత్త పెట్రోలు పోసిన సరి" అందురు. కారు నెలో, రెండు నెలలో నిలిచినదైనచో ఆ మాట చాలవరకు నిజమే. ఏడాది దాటినదానికి అది కుళ్లిన పాలలో తాజా పాలు పోసినట్లగును. మరికొందరు "పది నిమిషములు తిప్పుచుండిన అదియే అంటుకొనును" అని బ్యాటరీ అరిగిపోవువరకు తాళము త్రిప్పుదురు. నా అనుభవములో ఇదియే అన్నిటికంటె హానికరమైన అలవాటు. త్రిప్పిన కొలది టాంకు అడుగున పేరుకొన్న మడ్డి కదలి గొట్టములలోనికి ఎక్కును. అంతవరకు టాంకులోనే యుండిన రోగమును మనమే ఒడలెల్ల ప్రాకించినవారమగుదుము. కావున మొదటి నియమము: ఏడాదికి పైగా నిలిచిన కారును పాత పెట్రోలుతో ఒక్కసారియైనను త్రిప్పరాదు.

మరి చేయవలసినదేమి? వరుసగా చెప్పెదను.

మొదట కారును వసారానుండి బయటకు త్రోసి, గాలి బాగుగా వచ్చు చోట నిలుపవలెను. బ్యాటరీ తీగెను విప్పవలెను. చుట్ట, బీడీ, పొయ్యి, దీపము సమీపమున ఉండరాదు. పెట్రోలు సున్నకు 40 డిగ్రీల దిగువ చలిలో కూడ అంటుకొనదగిన ఆవిరిని విడుచును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలబారుగా ప్రాకి గుంటలలో నిలుచును. పది అడుగుల దూరమున ఉన్న నిప్పును తాకి వెనుకకు మంటగా రాగలదు.

పిమ్మట ఇంజను నూనె కొలుచు కడ్డీని తీసి వాసన చూడవలెను. పెట్రోలు వాసన కొట్టినచో, పంపులోని డయాఫ్రమను పలుచని రబ్బరు పొర చినిగియో, ఇంజెక్టరు కారియో, పెట్రోలు నూనెలో కలిసినదని తెలియును. అట్టి నూనెతో ఇంజనును తిప్పరాదు. నూనెను మార్చి, కారుటకు కారణమును సరిచేసిన తరువాతనే ముందుకు పోవలెను.

తరువాత టాంకు మూత తీసి వాసన చూడుడు. మంచి పెట్రోలు వాసన ముక్కునకు చురుక్కున తగులును. చెడినది పులిసిన వార్నీషు వాసన వేయును. అడుగునుండి కొంచెము తీసి తెల్లని గాజు సీసాలో పోసి ఒక గంట నిలుపుడు. రంగు టీ కషాయమువలె ముదురుగా నున్నను, అడుగున వేరొక పొర తేరినను, త్రుప్పు నలక దిగినను, ఆ పెట్రోలు పనికిరాదు. ఇది ఒక్క రూపాయి వ్యయము లేని పరీక్ష. దీనిని చేయక ఏ భాగమును మార్పించుటకును సమ్మతింపవద్దు.

పాత పెట్రోలునంతను చేతిపంపుతో ఇనుప డబ్బాలోనికి తీయవలెను. గొట్టమును నోట పెట్టి పీల్చు అలవాటు మన వారిలో మెండు. అది ప్రాణాపాయము, పెట్రోలు ఒక్క గ్రుక్క ఊపిరితిత్తులలోనికి పోయినచో ఆస్పత్రి పాలగుదురు. తీసిన పెట్రోలును బావి దగ్గరనో, కాలువలోనో పారబోయరాదు. ట్రాక్టరు డీజిలులో కలుపనే కూడదు. మూత బిగించి, వాడిన నూనెలను సేకరించు వర్క్‌షాపునకు అప్పగింపవలెను.

అప్పుడు టాంకును దించవలెను. అది క్రొత్త కార్లలోవలె ప్లాస్టిక్కుదైనచో త్రుప్పు పట్టదు. మడ్డి కడిగి ఆరబెట్టిన చాలును. ఇనుపదైనచో వేడినీరును సబ్బును పోసి రెండు మూడుసార్లు కడిగి, త్రుప్పు కొలదిగానున్న యెడల తెల్లని వెనిగరును నింపి ఒక దినము నానబెట్టవలెను. పిమ్మట వంటసోడా కలిపిన నీటితో పులుపును విరిచి, మంచినీటితో కడిగి, ఆలస్యము చేయక ఎండలో నిలువునా ఆరబెట్టవలెను. తడిగా విడిచినచో ఒక్క రాత్రిలో మరల త్రుప్పు పూయును. అడుగున చిల్లులు పడియున్నచో క్రొత్త టాంకే మేలు. పెట్రోలు ఆవిరి మిగిలిన టాంకునకు వెల్డింగు పెట్టుట బాంబునకు వత్తి వెలిగించుటయే. ఖాళీ టాంకు నిండు టాంకుకంటె అపాయకరమని ప్రతివారును గుర్తుంచుకొనవలెను. పేలునది ద్రవము కాదు, గాలితో కలిసిన ఆవిరి.

టాంకు ఎండులోగా గొట్టములను చూడుడు. వ్రేలితో వంచినపుడు రబ్బరుపై పగుళ్లు కనబడినచో మార్చవలెను. కొట్టములో నిలిచిన కారు గొట్టములను ఎలుకలు కొరుకుట మనకు తెలిసినదే. ఎథనాలునకు తట్టుకొను రబ్బరు గొట్టమునే అడిగి తీసికొనవలెను. ఫిల్టరును కడుగుట వలదు, క్రొత్తది వేయుడు. అది అన్ని భాగములలోను చౌకయైనది.

ఇక్కడ చిన్న ఉపాయమొకటి చెప్పెదను. కార్బ్యురేటరు గల కారులో టాంకునుండి వచ్చు గొట్టమును పంపు దగ్గర విప్పి, దానికి బదులు తాజా పెట్రోలు గల చిన్న డబ్బానుండి వచ్చు గొట్టమును తగిలించి, డబ్బాను వేడి తగులని చోట కదలకుండ నిలిపి, ఇంజనును అంటించి చూడవచ్చును. చక్కగా నడిచినచో ఇంజనును, పంపును, కార్బ్యురేటరును నిర్దోషులు. దోషము టాంకునందో, దాని గొట్టమునందో యున్నది. నడువకున్నచో దోషము పంపునకు ఇవతలనున్నది. మార్పిడి కాలువతో ఒక మడికి నీరు పెట్టి చూచినట్లు, ఈ పరీక్షతో సగము సందేహము తీరును.

కార్బ్యురేటరును అప్పుడే విప్పవలెను. ఫ్లోటు గిన్నె అడుగున ఎండిన బంకను దానికై అమ్ము ద్రావకముతో కడిగి, జెట్టులను గాలితో ఊదవలెను. ఇనుప తీగెతో పొడువరాదు. జెట్టు ఇత్తడిది, రంధ్రము వెంట్రుకవాసి పెద్దదైనను పెట్రోలు వ్యయము హెచ్చును. ఫ్లోటును చెవి దగ్గర ఆడించి చూడుడు. లోపల ద్రవము చప్పుడైనచో అది చిల్లుపడినది. గిన్నెలోనికి పెట్రోలును ఆపు సూది వాల్వు బంకతో అంటుకొన్నచో పెట్రోలు రాకనైన పోవును, పొంగి పొరలనైన పొరలును.

ఇంజెక్టర్లు గల కార్లలో గొట్టములలో పీడనము సుమారు 3 బార్లుండును. ఆ పీడనమును ముందుగా తీయక గొట్టము విప్పినచో పెట్రోలు కంటిలోనికి చిమ్మును. అట్టి కార్ల పని తెలిసిన మెకానిక్కునకే విడువవలెను. అయినను యజమాని గమనింపదగినవి రెండు గలవు. తాళమును సగము త్రిప్పినపుడు వెనుకసీటు దిక్కున రెండు మూడు క్షణములు గుయ్యిమను ధ్వని వినవచ్చినచో పంపు తిరుగుచున్నదని అర్థము. మరియు ఆ పంపును చల్లబరచునది పెట్రోలే గనుక, ఎండిన టాంకుతో దానిని తిప్పరాదు, కాలిపోవును.

అన్నియు బాగుచేసిన తరువాత కారు ఒకటి రెండు మైళ్లు నడిచి నిలిచి, కొంతసేపటికి మరల నడుచుచున్నచో, టాంకునకు గాలి పోవు త్రోవ మూసికొన్నదేమో చూడుడు. మట్టిగూళ్లు కట్టు కందిరీగలు ఇట్టి సన్నని గొట్టములను మిక్కిలి ప్రేమించును. మూత తీయగానే బుస్సుమని గాలి లోనికి పోవుట దీనికి గుర్తు. ఆ గూటిని తొలగించుటకు పుల్ల యొకటి చాలును. ఇంతమాత్రమునకు పంపు మార్పించుకొన్నవారిని నేనెరుగుదును. గోటితో పోవుదానికి గొడ్డలి పట్టుట యనగా నిదియే.

డీజిలు కార్లకును ట్రాక్టర్లకును వరుస ఇదియే గాని రోగము కొంత వేరు. డీజిలు అంత త్వరగా ఆవిరికాదు. కాని అడుగున చేరిన నీటికిని డీజిలునకును నడుమనున్న హద్దులో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురును కట్టును. ఫిల్టరు నల్లని జిగురుతో మూసికొనినచో కారణమదియే. నీరు వడియు గిన్నె అడుగున నున్న మరను అప్పుడప్పుడు విప్పి నీటిని వదలవలెను. ఫిల్టరు మార్చిన పిమ్మట గొట్టములలోని గాలిని చేతిపంపుతో వెడలగొట్టవలెను. ట్రాక్టరు గలవారికి ఇది అలవాటైన పనియే.

రోగము వచ్చిన పిమ్మట మందుకంటె రాకుండ చూచుకొనుట మేలు. కారును మూడు నెలలకు పైగా నిలుపదలచినవారు తాజా పెట్రోలుతో టాంకును నింపి, పెట్రోలు చెడకుండ కలుపు మందును డబ్బాపై చెప్పిన కొలతలో పోసి, అది కార్బ్యురేటరు వరకు చేరునట్లు పది నిమిషములు నడిపి నిలుపవలెను. నిండిన టాంకులో తేమగాలికి చోటు తక్కువ. వారమునకొకమారు రెండు నిమిషములు అంటించి ఆపుట వలన మేలు లేదు. ఇంజను వేడెక్కదు, బ్యాటరీ తరుగును. నెలకొకమారు అరగంట సేపు దారిపై నడుపుటయే సరియైనది. మందులు చల్లు పవర్ స్ప్రేయర్లు, కలుపు కోయు యంత్రములు మొదలగు చిన్న పెట్రోలు యంత్రములకు మాత్రము విరుద్ధముగా చేయవలెను. టాంకును పూర్తిగా ఖాళీచేసి, కార్బ్యురేటరులోనిది మండి యంత్రము తనంతట ఆగువరకు నడిపి, అప్పుడు అటకపై పెట్టవలెను.

ఈ కడపటి మాట నాకు తలవంపులతో వచ్చిన జ్ఞానము. నేనొక సంవత్సరము స్ప్రేయరును పెట్రోలుతోనే అటకపై పెట్టి, మరుసటి కారునందు ముప్పదిమంది రైతుల యెదుట ప్రదర్శనకు దించితిని. త్రాడు లాగి లాగి నా భుజము నొచ్చెను గాని అది అంటుకొనలేదు. వెనుకనుండి పెద్దాయన యొకరు, "అయ్యా, చేతిపంపు తెప్పించనా?" అనిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితిని. ఇతరులకు బోధించువాడు తన అటకను ముందు చూచుకొనవలెనని ఆనాడు తెలిసినది.

అందువలన మన సంఘమునకు నా మనవి యేమనగా: సంఘము అద్దెకిచ్చు ప్రతి యంత్రమునకు ఒక చీటి కట్టి, పెట్రోలు పోసిన తేదీని, తీసివేసిన తేదీని దానిపై వ్రాయించవలెను. ఏ యంత్రమును పెట్రోలుతో గిడ్డంగిలోనికి తీసికొనరాదని గుమాస్తాకు ఆజ్ఞ యుండవలెను. మరియు ఒక చేతిపంపు, రెండు ఇనుప డబ్బాలు, పరీక్షకు చిన్న డబ్బాయును గొట్టమును, మంటలార్పు సాధనము ఒకటి సంఘము కొని, సభ్యులకు అడిగినపుడు ఎరువు ఇవ్వవలెను. ఇవి ఏ ఒక్కరును కొనునవి కావు, ఏడాదికొకమారు వాడునవి. ఒక్కరికి భారమైనది అందరికి తేలిక యగుటకే గదా సంఘము పుట్టినది! ఈ సాధనముల వెల ఒక్క సభ్యుని పంపు మార్పిడి కూలికి మించదని నా నమ్మకము. "కారు గలవానికి సంఘము సాయమేల?" అని కొందరు అడుగవచ్చును. కారు గలవాడెల్ల ధనికుడు కాడు. ఆపదలో అమ్ముకొనుటకు చివర మిగిలిన వస్తువు పెక్కు యిండ్లలో ఇప్పుడు అదియే.

ఇక ఆ విధవరాలి కారు సంగతి. ఆమె దళారిని నాలుగు దినములు ఆగుమనిరి. టాంకును దించి కుమ్మరించితిమి. చింతపండు పులుసువంటి ద్రవమును, దాని వెనుక దోసెడు త్రుప్పును, అడుగున చెంబెడు నీరును వెలువడెను. చిల్లులు లేకుండుట అదృష్టము. కడిగి, ఆరబెట్టి, గొట్టములును ఫిల్టరును మార్చి, కార్బ్యురేటరును చివరిసారిగా కడిగి, నాలుగు లీటర్ల తాజా పెట్రోలు పోసితిమి. మూడవ త్రిప్పునకు ఇంజను అంటుకొనెను. నెల దినములు నడిపి చూచిన పిమ్మట మన సంఘ సభ్యులే యొకరు, దళారి చెప్పినదానికి మూడింతలిచ్చి తీసికొనిరి. ఆ సొమ్ముతో ఋణపు వాయిదా గడువులోపల చెల్లినది. ఆమె ఆ మెకానిక్కునకు ముమ్మారు చెల్లించిన సొమ్ము మాత్రము తిరిగి రాలేదు.

కావున సోదరులారా, మీ వసారాలోని కారును గూర్చి ఎవరైన "ఇంజను పోయినది" అని చెప్పినచో, కోపగింపకుడు, నమ్మకుడు. ఒక గాజు సీసాను చేతికిచ్చి, "ముందు టాంకు అడుగునుండి ఇందులో పోసి చూపుము" అని అడుగుడు. తరువాతి మాట ఆ సీసాయే చెప్పును.

ఇట్లు,
ఒక వ్యవసాయ ప్రదర్శకుడు